అమ్మ కాలికి ఇద్దరు వైద్యులు

మా అమ్మ ప్రొద్దుటూరులో జిన్నింగు మిల్లు గేటు ఎదురుగా కారం దోసెలు పోసేది. నాన్న ఆ మిల్లులోనే పత్తి బేళ్ల దగ్గర పని చేసేవాడు. నా చిన్నప్పుడే జ్వరం వచ్చి పోయాడు. ఆ తర్వాత అమ్మ గేటు ముందర రేకుల కొట్టం వేయించుకుని, నడుమెత్తున మట్టి పొయ్యి కట్టించుకుంది. కూర్చుని పోస్తే వచ్చినవాళ్ల మొహాలు కనబడవని నిలబడే పోసేది. తెల్లవారింది మొదలు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే నిలువు. ఆ దోసెల మీదే నన్ను చదివించి, టీచరు ట్రైనింగుకు పంపింది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు పులివెందులలో, ఆడపిల్లల బడిలో ఉద్యోగం వచ్చింది.

అమ్మ ఎడమ కాలి మీద మోకాలి నుంచి చీలమండ దాకా నరాలు ఉబ్బి, నల్లేరు తీగల మాదిరి మెలికలు తిరిగి ఉండేవి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అవి అట్లాగే ఉన్నాయి. ఆడవాళ్ల కాళ్లన్నీ పెద్దయ్యాక అట్లా అవుతాయేమో అనుకునేదాన్ని.

ఒక దసరా సెలవుల్లో ఇంటికి వస్తే అమ్మ పక్కన కూర్చోగానే ఏదో వాసన తగిలింది. అడిగితే మాట మార్చింది. మరునాడు స్నానానికి పోయేటప్పుడు పట్టుబట్టి చీర కుచ్చెళ్లు ఎత్తి చూశాను. లోపలి చీలమండ పైన అరచేతి వెడల్పున పుండు. చుట్టూ చర్మం నల్లబడి, చెక్కలాగా గట్టిపడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచీ మ్మా ఇది?"

"పోయిన ఎండకాలం కట్టెపుల్ల కొట్టుకున్నింది లే. అదే మానుతాది."

"ఎండకాలంది ఇంకా మానలేదంటే అదేం పుల్ల?"

"గట్టిగా అరవగాకమ్మే! పుండు చేత్తో దోసెలు పోస్తాండాదని జనం అనుకుంటే గేటు కాడికి ఒక్కడన్నా వస్తాడా?"

పుండు చేతికి కాదు, కాలికి. కానీ ఆమె భయం నిజమే. అందుకే ఇన్ని నెలలుగా ఎవరికీ కనబడకుండా పాత గుడ్డ చుట్టుకుని నిలబడుతోంది.

ఆ వారంలోనే బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. కృష్ణా జిల్లా వైపు మనిషి. మాట మెత్తన, పని గట్టి. అమ్మను నిలబెట్టి, పడుకోబెట్టి, కాలెత్తించి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని మా ఎదురుగా కూర్చుంది.

"ఈ నరాల లోపల చిన్న చిన్న తలుపులుంటాయండీ. కిందికి దిగిన రక్తం పైకి పోయేటప్పుడు తెరుచుకుంటాయి, మళ్లీ జారకుండా మూసుకుంటాయి. మీరు ఏళ్ల తరబడి నిలబడ్డం వల్ల ఆ తలుపులు పాడయ్యాయి. రక్తం కాళ్లలోనే నిలవుండిపోతోంది. నిలవున్న చోట పుండు మానదు."

పుండు శుభ్రం చేసి, పెన్సిలిన్ సూది వేసి, మందు రాసిన గుడ్డ పరిచింది. కాలివేళ్ల నుంచి మోకాలి దాకా బిగుతుగా కట్టు కట్టింది. నిలబడకూడదు, కాలు దిండ్ల మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, పుండు మానాక ఆపరేషన్ చేసి ఆ చెడ్డ నరం తీసేయాలి అంది.

అమ్మ అన్నిటికీ తల ఊపింది. బయటికి వచ్చాక, "నిలబడగూడదంట. పొయ్యి యాడికి పోతాది? ఇంగ ఆపరేషనంటే నేను సచ్చినా రాను," అంది.

నేను పులివెందులకు వెళ్లిపోయాను. వీలైనప్పుడల్లా శనివారం బడి వదలగానే ముద్దనూరు మీదుగా వచ్చేదాన్ని. కట్టు కట్టించుకోవడానికి అమ్మను జమ్మలమడుగు తీసుకుపోవడం, మళ్లీ బస్సెక్కడం. పుండు అంచులు కొద్దికొద్దిగా ఎర్రబడుతున్నాయి, మానే గుర్తు అనేది డాక్టరమ్మ. వాపు కూడా బాగా దిగిందని ఒకసారి ఆశ్చర్యపోయింది. కట్టు మహిమే అనుకున్నాం ఇద్దరం.

అది కట్టు ఒక్కదాని మహిమ కాదని మాకు తర్వాత తెలిసింది.

ఒక ఉదయం జమ్మలమడుగు బస్సులో పోతూంటే అమ్మ చీర అంచు తడిసినట్టు కనిపించింది. చూస్తే రక్తం. అమ్మ మొహంలో మాత్రం కంగారు లేదు, దొరికిపోయిన మనిషి మొహం మాదిరి ఉంది. ఆసుపత్రిలో నర్సు కట్టు విప్పింది. పిక్క మీద అక్కడక్కడా మూడు మూలల గాట్లు. వాటిలో నుంచి సన్నగా రక్తం కారుతూనే ఉంది. డాక్టరమ్మ ఒక్క చూపుతో పసిగట్టింది.

"జలగలు! ఎవరండీ పెట్టింది? అసలు నా కట్టు ఎవరు విప్పారు?"

అమ్మ చెప్పేసింది. మా వీధి చివర యునానీ వైద్యం చేసే హకీము ఉండేవాడు. రోజూ అమ్మ దగ్గర దోసెలు తినే మనిషి. ఆమె కుంటడం చూసి తనే పిలిచి, జలగలు పెడతానన్నాడట. పుండు మీద ఏదో పచ్చ మందు, చుట్టూ నూనె కూడా రాసేవాడట. పెట్టినప్పుడల్లా కాలి బరువు దిగి, నొప్పి తగ్గి, ఆ పూట నిద్ర పట్టేదట. ముందురోజు సాయంత్రం నేను ఇల్లు చేరేలోపల ఆయన జలగలు, పొద్దున నేను లేవకముందే మళ్లీ తన చేతులతోనే డాక్టరమ్మ కట్టు. ఇంతకాలం జరుగుతున్నది అది.

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. "చూడండి, ఇట్లా అయితే నేను వైద్యం చేయలేను. ఆయనో నేనో తేల్చుకోండి."

మా సీమలో పెద్దవాళ్లనైనా నువ్వు అనే పిలుస్తాం. అమ్మ అట్లాగే అంది.

"నువ్వు కట్టు కడితే పుండు మానుతాంది తల్లీ. ఆయన జలగ పెడితే వాపు దిగుతాంది. రెండూ నా కాలికే గదా! నాకేం తెలుసు తేల్చుకోనీకి? తెలిసినోళ్లు మీరిద్దరు. మీరు మీరు మాట్లాడుకోకుండా నన్ను తేల్చుకోమంటే నేను యాడికి పోవాల?"

నర్సు నవ్వు ఆపుకుంది. నేను తల దించుకున్నాను. డాక్టరమ్మ గాట్ల మీద దూది ఒత్తి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. రక్తం ఆగాక కట్టు కట్టి, నా వైపు తిరిగి, "ఆయన్ని ఒకసారి రమ్మనండి. జలగల్ని కూడా తీసుకురమ్మనండి," అంది.

ఆ మాట మోసుకుని హకీము దగ్గరికి పోయాను. తెల్ల గడ్డం, కళ్లకు సుర్మా కాటుక, పక్కన గుడ్డ కట్టిన గాజు సీసా. విని, గడ్డం నిమురుకున్నాడు.

"పిలిచేది మాట్లాడేదానికా బేటీ, తిట్టేదానికా?"

"మాట్లాడేదానికే అనుకుంటాండా."

"అనుకుంటాండావా? నువ్వనుకుంటే సరిపోతాదా?" అన్నాడు. సీసా మూత గుడ్డ బిగించి, "అక్క కాలికి రక్తం ఆగలేదంటివే, అది నన్ను గూడా అడగాల్సిన మాటే. వస్తా పద," అన్నాడు.

ఉతికిన షేర్వాణీ, కొత్త టోపీ వేసుకుని వచ్చాడు. బస్సులో కండక్టరు ఒళ్లో సీసా ఏందని అడిగాడు. "జలగలప్పా, దువ్వూరు పక్క కుంటల్లోవి," అని హకీము మర్యాదగా మూత గుడ్డ ఎత్తి చూపించబోయాడు. మా ముందు సీటూ వెనక సీటూ ఖాళీ అయ్యాయి. జమ్మలమడుగు దాకా కాళ్లు చాపుకుని హాయిగా పోయాం.

ఆసుపత్రి వరండాలో వాళ్లిద్దరూ ఎదురుపడిన క్షణం నాకు బాగా గుర్తుంది. డాక్టరమ్మ నమస్కారం పెట్టింది. ఆయన చెయ్యెత్తి సలాం చేశాడు. ఆ తర్వాత ఎవరు మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆమే అడిగింది.

"ఒకరికి పెట్టిన జలగల్ని ఇంకొకరికి పెడతారా?"

"ఉప్పు చల్లి కక్కించి, మళ్లీ పెడ్తామమ్మా. మా అబ్బాజాన్ అట్లనే చేస్తాండె."

"అది వద్దండీ. ఒకరి రక్తంలో జబ్బు ఇంకొకరికి పోతుంది."

ఆయన వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. "ఆలోచిస్తా," అన్నాడు. తర్వాత తనూ అడిగాడు. "మీ కట్టు కాలివేళ్ల కాడి నుంచి ఎందుకు? పుండు ఉండేది పైన గదా?"

ఆమె బల్ల మీద ఆయన చెయ్యి పెట్టించుకుని, దానికి కట్టు చుట్టింది. ముందు మధ్యలో మాత్రమే బిగించి చూపింది. కింద చెయ్యి ఉబ్బింది. విప్పి, వేళ్ల నుంచి మొదలుపెట్టి మోచేతి దాకా చుట్టి చూపింది. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "హా... నీళ్లను కింది నుంచి తోసుకుంటా వచ్చినట్టు," అన్నాడు. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ మధ్యాహ్నం ఒక ఒప్పందానికి వచ్చారు. ముందు అమ్మ రక్తం పరీక్ష చేయాలి, పలచగా ఉంటే జలగలు మానాలి. పెట్టినా పుండుకు దూరంగా, కొత్తవి, ఆసుపత్రిలోనే, ఆమె ఎదుటే. రక్తం ఆగాకే కట్టు. ఆయన పుండు మీద రాస్తున్న పచ్చ మందు ఆపెయ్యాలి, అది మాంసాన్ని కాలుస్తోంది. ఆ మాట ఆయనకు కష్టమనిపించిందని మొహంలో తెలిసింది. కానీ నల్లబడిన చర్మానికి ఆయన ఇచ్చే నూనె మంచిదే, దురద తగ్గుతోంది, కానివ్వండి అంది డాక్టరమ్మ. అప్పుడు ఆయన మొహం కాస్త తేటపడింది.

చలికాలం ముగిసేసరికి పుండు అణా కాసంతకు వచ్చింది. ఇక ఆపరేషన్ మిగిలింది. నేను చెప్పినా, డాక్టరమ్మ చెప్పినా అమ్మ మొండికేసింది. ఒప్పించింది హకీమే. ఒక రోజు దోసె తినేసి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"అక్కా, నా జలగ నిలవ రక్తాన్ని తాగుతాది. ఇరిగిన తలుపును బాగుచేస్తాదా? చెయ్యదు. ఆ పని నాకు రాదు. ఆయమ్మకు వస్తాది. పో."

"నువ్వు గూడా అట్లంటే ఎట్ల హకీమన్నా?"

"నాకు రాదని చెప్పుకోవడం నాకు మాత్రం బాగుంటాదా? చెప్తాండా గదా, పో."

అమ్మ పోయింది. నడుములో మత్తు సూది వేసి ఆపరేషన్ చేస్తున్నంతసేపు హకీము వరండాలో జపమాల తిప్పుకుంటూ కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే కూర్చున్నాను. డాక్టరమ్మ బయటికి వచ్చి ముందు నాతో కాక ఆయనతోనే, "బాగా జరిగిందండీ," అంది.

అమ్మ మంచం మీద ఉన్నన్ని రోజులు నేను సెలవు పెట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాను. నా దోసెలు ఒక పక్క మాడేవి, ఇంకో పక్క పచ్చిగా ఉండేవి. మిల్లు వాళ్లు ఏమీ అనకుండా తినేవాళ్లు. ఒక ముసలాయన మాత్రం, "మీ యమ్మకు తొందరగా నయం గావాలని దేవునికి మొక్కుకుంటాండాం పాపా," అన్నాడు. అది అమ్మ మీద ప్రేమో నా దోసెల మీద భయమో ఇప్పటికీ తెలియదు.

పుండు పూర్తిగా మూసుకుంది. అమ్మ వడ్రంగి చేత ఎత్తు పీట ఒకటి చేయించుకుని, కూర్చునే దోసెలు పోయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ప్రొద్దుటూరులో నరాల పుండ్లు ఉన్నవాళ్లను హకీము జమ్మలమడుగుకు పంపేవాడు. జలగల వల్ల నిజంగా ఎంత మేలు జరిగిందని నేను ఒకసారి డాక్టరమ్మను అడిగాను. "కట్టుతోనే మానేదేమో, తెలియదండీ. కానీ వాపు దిగడం నేను కళ్లారా చూశాను. చూసినదాన్ని చూడలేదని ఎట్లా అంటాను?" అంది.

కొన్నేళ్లకు డాక్టరమ్మ బదిలీ మీద కోస్తాకు వెళ్లిపోయింది. హకీము మరికొంత కాలానికి పోయాడు. ఆయన కొడుకు గుడ్డల అంగడి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ వీధిలో జలగల సీసా ఎవరికీ గుర్తు లేదు.

నిలబడొద్దు, నడవండి అని డాక్టరమ్మ పోతూ పోతూ అమ్మకు చెప్పిపోయింది. అంతకు ముందు అమ్మ నడక అంటే ఇంటికీ పొయ్యికీ మధ్యే. నేను సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రాలు పెన్నకు పోయేవాళ్లం. నీళ్లు ఏ మూలో సన్నగా పారుతుండేవి, మిగిలినదంతా ఇసుక. అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కాస్త పైకి దోపుకుని ముందు నడిచేది. నల్లని మచ్చ ఉన్న ఆ కాలు ఇసుకలో దిగబడి, లేచి, మళ్లీ దిగబడుతుండేది. "నిదానంగా పోమ్మా," అని నేను వెనక నుంచి అరిచేదాన్ని. ఆమె ఆగేది కాదు.