అద్దాల అల్మారాలోని తూకపు రాళ్లు

ఇన్నేళ్లలో ఆ అల్మారా గురించి నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా బడి. హెడ్మాస్టరు గదిలో అద్దాల తలుపుల అల్మారా ఉండేది. సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తలో పై ఆఫీసు నుంచి బడికి ఒక తరాజు, ఇనుప తూకపు రాళ్లు, లీటరు కొలతలు వచ్చాయి. వాటిని అద్దం వెనక వరుసగా పేర్చి తాళం వేశారు. నేను పాఠం చెప్పే అయిదో తరగతి పిల్లలు "వెయ్యి గ్రాములు ఒక కిలో" అని రాగం తీసి అప్పజెప్పేవారు. ఉప్పు పొట్లం చేతిలో పెడితే అది కిలోనో అరకిలోనో చెప్పలేకపోయేవారు.

మీటింగు జరిగినప్పుడల్లా ఆ సామాను క్లాసుకు ఇవ్వమని అడిగాను.

"పిల్లల చేతికిస్తే రాళ్లు పోతయి. పోతే జవాబు ఎవరు చెప్తరు?" అనేవారు హెడ్మాస్టరు.

"నేను చెప్త సార్."

ఆయన ఫ్యాన్ వైపు చూసేవారు. నాకు బదులివ్వాల్సి వచ్చినప్పుడల్లా ఆయన ధ్యాస ఫ్యాన్ మీదికి పోయేది. డ్రిల్లు మాస్టరు మాత్రం ఊరుకునేవాడు కాదు.

"ఏంది మాస్టర్, బడిల కిరాణా దుకాణం పెడ్తరా? మాకు జర చక్కెర ఉద్దెర ఇయ్యుండ్రి!"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

దుకాణమే పెట్టాను. మా మేనమామది బేగం బజార్‌లో కిరాణా. ఆయన మూలన పడేసిన పాత తరాజు, రాళ్లు అడిగి తెచ్చి క్లాసులో వేలాడగట్టాను. చింతగింజలు, ఉప్పు, ఇసుక, ఏది దొరికితే అది పిల్లలు తూచారు. తూచేముందు ఒక పద్ధతి పెట్టాను. ఖాళీ తట్టలు సమంగా ఉన్నాయో లేదో చూడాలి. తరువాత ఒక పక్క అరకిలో రాయి, మరో పక్క వంద గ్రాములవి అయిదు పెట్టి సరిచూడాలి. రాళ్ల మీద నమ్మకం కుదిరాకే సరుకు.

ఇంతలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. హెడ్మాస్టరు అల్మారా తీయించి, రాళ్లు మెరవాలని అటెండరుతో వెండి రంగు వేయించారు. ఒక పూత చాలదని మరొకటి, ఆ పైన ఇంకొకటి. రాళ్ల అడుగున ఉండే గుంటల్లో కూడా రంగు పేరుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు నా క్లాసుకు వచ్చి, ముందు బెంచీలో అమ్మాయిని పిలిచి "అరకిలో బియ్యం తూచమ్మా" అన్నారు. బల్ల మీద అటెండరు తెచ్చి పెట్టిన బడి తరాజు, మెరిసే రాళ్లు. ఈ పిల్ల తడబడితే ఆ అల్మారా ఇక నా క్లాసుకు ఎప్పటికీ తెరుచుకోదు.

ఆ పిల్ల బియ్యం ముట్టలేదు. పెద్ద రాయి ఒక పక్క, చిన్నవి అయిదు మరో పక్క పెట్టింది. చిన్న రాళ్ల తట్ట కిందికి దిగింది. తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ దిగింది.

"సార్, ఈ రాళ్లు తప్పున్నయి. గీటితోని తూస్తే మా అమ్మ తిడ్తది."

హెడ్మాస్టరు ముఖం పాలిపోయింది. "గట్లనకు బిడ్డా, అవి సర్కారు రాళ్లు!"

ఇన్‌స్పెక్టరు ఒక రాయి తీసుకుని గోటితో గీకారు. రంగు పెచ్చు లేచింది. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు.

"రాళ్లకు ఇన్ని రంగు కోట్లు తొడిగితే బరువు పెరగదా? పెద్దది ఒక్కటే, చిన్నవి అయిదు, అయిదింటి రంగూ ఒక్క పక్కనే పడ్డది. ఇట్ల సరిచూసుడు ఈ పిల్లకు ఎవరు నేర్పిన్రు?"

నేను ముందుకు రాబోయాను.

"గిది మా బడి పద్ధతే సార్," అన్నారు హెడ్మాస్టరు, నా ముందు నిలబడి.

"మంచి పద్ధతి. మరి సామాను అద్దం వెనక ఎందుకు? రేపటి నుంచి క్లాసులనే ఉండాలె. విరిగితే విరిగిందని రాయండి, చాలు."

వీపు మీది నుంచి బియ్యం బస్తా దించినట్టయింది. ఆ సాయంత్రం ఆబిడ్స్ దాకా ఊరికే నడిచాను. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నంతసేపు నాకు ఎవరి మీదా కోపం రాలేదు. డ్రిల్లు మాస్టరు మీద కూడా.

మర్నాడు పిల్లలు రాళ్లను కిరసనాయిలు, ఇసుక వేసి తోమారు. అయిదు చిన్నవి ఒక పక్క, పెద్దది మరో పక్క పెడితే తరాజు ముల్లు నిటారుగా నిలిచింది. క్లాసంతా కేకలు పెట్టింది. నేను ఆ బడిలో ఉన్నంతకాలం ఒక్క రాయీ పోలేదు.

హెడ్మాస్టరు గారు రిటైరయ్యాక కూడా ఆబిడ్స్‌లో ఎదురవుతుంటారు. "ఆరోగ్యం ఎట్లున్నది మాస్టర్?" అని, నేను నోరు తెరిచేలోగా రోడ్డు దాటేస్తారు. రోడ్డు మీద ఫ్యాన్ ఉండదు సార్. మా బడి పద్ధతి అన్నారు కదా, ఆ పద్ధతి పెట్టిందెవరో ఈసారి నిలబడి చెప్పండి.