పాత బల్బు, ప్లాస్టిక్ కవరు, మా వదిన

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా షెడ్డులో ఇంజన్లకన్నా నా అరుపులే ఎక్కువ వినిపిస్తాయని మా వదిన అంటుంది. పెళ్లికి ముందు ఆమె పుట్టింట్లో మోటార్లకు కాయిల్స్ చుట్టేది. ఇప్పుడు మా షెడ్డులో కార్ల వైరింగు పనంతా ఆమెదే. పదిహేనేళ్లుగా పక్కనే ఉన్నా, ఆమె ఎంతటి మనిషో నాకు తెలిసింది మాత్రం మొన్నటి ఎండల్లోనే.

ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. బయల్దేరిన పావుగంటకు ఏసీ ఆగిపోతోందట. కంప్రెసరు వైరు ఊడదీసి మీటరు పెట్టాను. పన్నెండు వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. వదినను పిలవను కూడా పిలవలేదు. కంప్రెసరే పోయిందని తేల్చేసి కొత్తది బిగించాను. మర్నాడు పొద్దున్నే అతను మళ్లీ ప్రత్యక్షం. మళ్లీ అదే తంతు.

"బిగించింది నేనయ్యా! ఎందుకు ఆగుతుంది?" అని మీద పడ్డాను.

అతను గొడవ పడలేదు. "రేపు మధ్యాహ్నం మా అమ్మాయికి నర్సింగు పరీక్ష అన్నా. మూడు గంటల ప్రయాణం. చిన్నప్పుడు ఒళ్లంతా కాలింది. ఆ చర్మానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. పోయినేడు ఇదే పరీక్షకు వెళ్తూ సగం దారిలో స్పృహ తప్పితే వెనక్కి తెచ్చేశాను."

నేను వదిన వైపు చూశాను.

వదిన లేచొచ్చింది. ఆమె చేతిలో రెండు వైర్లు అతికించిన పాత హెడ్‌లైటు బల్బు. కంప్రెసరు వైరుకు తగిలిస్తే ఎర్రగా మినుకుమంది, అంతే.

"పన్నెండు చూపించింది కదా వదినా," అన్నాను.

"మీటరు ఊరికే పలకరించి వస్తుంది. బరువు మోయమంటే కదా సత్తా తెలిసేది."

వైరును వేళ్లతో అంగుళం అంగుళం తడుముతూ పోయి, బ్యాటరీ కింద ఆగింది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, ఒక్క పోగు మిగిలింది. ఇంజను వేడెక్కగానే ఆ ఒక్క పోగూ చేతులెత్తేస్తోంది.

కొత్త వైరు వేసింది. బల్బు ధగధగా వెలిగింది. నేను తాళాలు డ్రైవరుకు ఇవ్వబోతే "ఆగు," అంది. కొత్త సీట్లకు వచ్చే ప్లాస్టిక్ కవరు తెచ్చి, మెడ నుంచి మణికట్ల దాకా బిగించి చుట్టుకుంటోంది.

"ఇదేం వేషం వదినా?"

"నాకు చెమట ఆరుతుంది, హాయిగా ఉంటుంది. ఇది చుట్టుకుంటే ఆ పిల్లకు లాగే నాకూ వేడి బయటికి పోదు. నాకు హాయిగా ఉందని ఆ పిల్లను పంపేస్తామా? పద, మూడు గంటలు తిప్పు."

మిట్టమధ్యాహ్నం మూడు గంటలూ తిప్పాను. ఆమె వెనక సీట్లో కదలకుండా కూర్చుంది. ఏసీ ఒక్కసారీ ఆగలేదు. నేను దారికన్నా అద్దంలో ఆమె మొహమే ఎక్కువ చూశాను. షెడ్డుకు తిరిగొచ్చాక "ఇప్పుడివ్వు తాళాలు," అంది. నిజం చెప్తున్నా, చేతులెత్తి దణ్ణం పెట్టాను.

"ముందు ఈ ప్లాస్టిక్ విప్పవయ్యా, దణ్ణాలు తర్వాత."

మర్నాడు డ్రైవరు ఫోను చేశాడు. "అమ్మాయి పరీక్షకు లోపలికెళ్లింది అన్నా." ఇంకా చెప్పాడు. "దారిలో, నాన్నా చలేస్తోంది, దుప్పటేమైనా ఉందా అని అడిగింది. పుట్టి బుద్ధెరిగాక నా కారులో ఆ మాట అనలేదు. నా దగ్గర దుప్పటెక్కడిది? చొక్కా విప్పి కప్పాను."

ఫోను వదిన చేతిలో పెట్టేసి, నేను షెడ్డు వెనక్కి వెళ్లిపోయాను.