సెలూన్ బావ తొట్టిలో నాచు

మా వీధిలో అందరూ సెలూన్ బావ అని పిలిచే ఆయన, యాభయ్యో ఏట ముచ్చటపడి షాపులో ఉప్పునీటి చేపల తొట్టి పెట్టించాడు. రెండు నెలలు తిరక్కుండానే రాళ్లమీదా అద్దాలమీదా పచ్చటి నాచు వెంట్రుకల్లా మొలిచింది. బావ బ్లేడుతో శుభ్రంగా గీకేవాడు. నాలుగు రోజులకి మళ్లీ మొదటికే వచ్చేది.

"నా చేతికి లొంగని గడ్డం ఇదొక్కటే," అని వాపోయాడు.

చివరికి పెంపుడు చేపలమ్మే ఆవిడని పిలిపించాడు. ఆవిడ తొట్టి అడుగున పేరుకున్న మేత చూసింది.

"గీకితే పోదన్నా. మిగిలిన మేత కుళ్లి నాచుకి ఎరువవుతోంది. రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నావు?"

"ఒక్కసారే, ఒట్టు!"

మూల కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు గొంతు సవరించుకున్నారు.

"నేనూ ఓ నాలుగైదుసార్లు వేస్తున్నా అల్లుడూ. పాపం, నన్ను చూడగానే నోళ్లు తెరుస్తాయి!"

బావకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "అవి ఎవర్ని చూసినా తెరుస్తాయి మామయ్యా!"

ఆరోజే మేత డబ్బా బావ జేబులోకి చేరింది. ఆవిడ సలహా ప్రకారం తొట్టిలో లైటు వెలిగే గంటలూ తగ్గాయి. కుళాయి నీళ్లు మానేసి, శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కలిపి వారం వారం కొంత మార్చాడు. నాచు మేసే నత్తలు నాలుగు తెచ్చాడు.

మామగారు అలిగి రెండు రోజులు షాపుకి రాలేదు. మూడోరోజు వచ్చి, తొట్టి ముందు కుర్చీ వేసుకుని, రెండు నెలలకి అద్దం తేటపడేదాకా రోజూ అక్కడే కూర్చున్నారు.

"వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు," అన్నారు నత్తల్ని చూస్తూ, తృప్తిగా. "హాయిగా కడుపునిండా తింటున్నాయి."