తల తెగిన హంసలు

మొన్న ధర్మవరంలో మా మేనల్లుడి షెడ్డుకు పోతే, కంప్యూటరు మగ్గాలన్నీ శవం లేచిన ఇంటిలా నిశ్శబ్దంగా ఉన్నాయి. అంచు డిజైను నడిపే ప్రోగ్రాంలో ఏదో తప్పు దొర్లిందట, అమ్మినవాడు వచ్చేదాకా దాన్ని విప్పి చూసే హక్కు కొన్నవాడికి లేదట. "ఎవరైనా విప్పి చూసి, దిద్దుకొని, పక్కోనికి ఇచ్చే ప్రోగ్రాములూ ఉండాయి మామా, నాకే ముందు తెలీలేదు" అని వాడు గొణిగాడు. మన ఈడువాళ్లకు ఈ మాటలు కొత్త కావచ్చు గాని, అలాంటి మూతపెట్టిన ప్రోగ్రాం కిందే నా బాల్యం గడిచింది.

ఎనభైల మొదట్లో మా వీధి మగ్గాల నెత్తిన జాకార్డులు వచ్చి కూర్చున్నాయి. చిల్లులు పొడిచిన అట్టలను వరసగా దారంతో కుట్టి వేలాడదీస్తే, చిల్లును బట్టి పడుగు పోగు లేచి అంచులో బొమ్మ పడుతుంది. ప్రోగ్రాం అంటే అంతకన్నా మరేమీ కాదు. వానలు లేక మా ఊరి కప్పలు సరిహద్దు దాటి కన్నడంలో అరవడం నేర్చుకున్న రోజులవి, మగ్గమొక్కటే కూడు పెట్టేది. పట్టు ఇచ్చేదీ, అట్టలిచ్చేదీ ఒకే షావుకారు. ఆయన అట్టలు చెక్కపెట్టెలో, ఏనుగును కట్టేయగల తాళంతో వచ్చేవి; పెట్టెను అట్లాగే జాకార్డుకు బిగిస్తే అట్టలు లోపలే తిరిగేవి. విప్పరాదు, దిద్దరాదు, పక్క మగ్గానికి ఇవ్వరాదు. విప్పినవాడికి మళ్లీ పట్టుపోగు పుట్టదు.

ఒక పెళ్లిళ్ల కాలంలో కొత్త హంస అంచు వచ్చింది. జానెడు నేసేసరికి హంసకు మెడ మీద తల లేదు, నరికితే పడినట్టు తోక వెనకాల పడి ఉంది. ఇంటింటా అదే. వీధి పొడవునా ముహూర్తపు చీరల మీద తలలు తెగిన హంసలు బారులు తీరాయి. ఆ చీర కట్టే పిల్ల గతేమిటని మా అవ్వ అన్నం మానేసింది, మగ్గం గుంత ఛాయలకు కుక్కలు కూడా రాలేదు. నాయన పోయి చెప్పుకుంటే షావుకారు చీరవైపు చూడనైనా లేదు.

"నా అట్టల్లో తప్పుండదప్పా. మీ చేతుల్లో ఉండాది."

ముహూర్తానికి మంచి చీర రాకుంటే మగ్గం విప్పించుకొని పోతానని కూడా మెల్లగానే చెప్పాడట. నాయన ఇంటికొచ్చి పెట్టెను మగ్గం మీంచి కిందికి దించాడు. రాయి తీసుకున్నాడు.

"ఎట్లా చచ్చేదే. యాడ తప్పిందో చూసైనా చస్తాం."

తాళం పగిలింది. తల నేసే అట్టలను ఎవరో తిరగేసి కుట్టారు, అంతే. అవ్వ వక్క నమిలేలోపు నాయన వాటిని తిప్పి కుట్టాడు. తర్వాత తలుపు బార్లా తెరిచి వీధినంతా పిలిచి చూపించాడు. పొద్దుగూకేలోగా ప్రతి ఇంట్లో తాళం పగిలింది, ప్రతి హంసకూ తలకాయ మొలిచింది.

చీరలు అందుకొని షావుకారు నవ్వాడు. మొదట పగిలింది ఎవరింటి తాళమని మాత్రం అడిగాడు. అందరికీ పట్టు ఆపితే తన అంగడే మూతపడుతుంది గనక, మా ఒక్క ఇంటికే ఆపాడు.

నాయన కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టాడు. ఆ అట్టలు మళ్లీ ఏ పెట్టెలోనూ పడలేదు. చేతులు మారేకొద్దీ ఒకరు హంస ముక్కున పూరేకు పెట్టారు, ఇంకొకరు వెనకాల పిల్లను చేర్చారు. నాయన పని నుంచి వస్తూ గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి, అత్తారింట్లో ఉన్న కూతురిని చూసుకున్నట్టు ఆ హంసను చూసుకొని వచ్చేవాడు. ఇప్పటి మగ్గాలు అప్పటి వీధి నెల పనిని ఒక్క పూటలో లాగేస్తాయి. అవి ఆగినప్పుడు మాత్రం రాయి ఎత్తినా ఎక్కడ కొట్టాలో తెలియదు, తలుపు తెరిచి పిలిస్తే వచ్చే వీధీ లేదు.