నా సవతి పేరు హిస్టమిన్

మా ఆయన ఏ సంగతి ఎత్తుకున్నా మూడో మాటకి హిస్టమిన్ దగ్గర తేలతారు. పెళ్ళయిన వారానికే నాకు అర్థమైంది, నేను సవతి ఉన్న ఇంటికి వచ్చానని.

రొమ్ము కణితుల్లో హిస్టమిన్ ఏం చేస్తుందో చూడటం పరిశోధనశాలలో ఆయన పని. మనకి తుమ్ములూ దురదలూ తెప్పించే పదార్థమే కణితిలోనూ చేరుతుందట. కణం మీద ఏ తలుపు తట్టిందన్నదాన్ని బట్టి, ఒకచోట కణితిని ఎగదోస్తుందట, ఇంకోచోట వెనక్కి లాగుతుందట. "అబ్బ, ఎంత గడుసుదోయ్!" అని మురిసిపోతారు. ఆ మురిపెం నన్ను చూసి ఒక్కనాడన్నా పడ్డారా? ఒళ్ళు మండిపోతుంది.

"ఏవండీ, ఈ ఊదా రంగు నాకు నప్పిందా?"

"భలే! మాస్ట్ కణాలకి అద్దకం వేస్తే అచ్చం ఇదే రంగు!"

మాస్ట్ కణాలంటే ఏవో కాదు, నా సవతి కాపురముండే ఇళ్ళు.

ఎదురింటావిడ మా ఇంట్లో వంకాయకూర తిని నాలుక దురదంది. అంతే, ఆవిణ్ణి ఎంగిలి చేత్తోనే కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టారు. పాపం, చెయ్యి ఎండిపోయింది. ఆవిడ మళ్ళీ మా గడప తొక్కలేదు.

పైగా హిస్టమిన్ మీద ఒక్క తప్పుమాట పడనివ్వరు. నిండు సభలో పెద్ద డాక్టరుగారిని కూడా లేచి సరిదిద్దిన ఘనుడు. నన్ను అత్తింటివాళ్ళు నానామాటలన్నప్పుడు మాత్రం పేపరు చదువుకున్నారు. కుళ్ళుకోనా మరి? సవతి గుట్టు తెలియాలి కదా అని, ఆయన స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆయన వ్యాసాలు చదివేశాను.

ఇంతలో మా చెల్లికి రొమ్ములో గడ్డ కనబడింది. సూదితో పరీక్ష చేశారు. ఫలితం కోసం ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. చెల్లి బళ్ళో సైన్సు టీచరు, గయ్యాళి నోరు. అలాంటిది ఆరోజు తల వంచుకుని సంచీ పట్టీని మెలిపెడుతూ కూర్చుంది.

అప్పుడందుకున్నారు మా ఆయన.

"హిస్టమిన్ని దాచుకునేవి ఎర్ర రక్తకణాలు కదమ్మాయ్..."

"వేళాపాళా లేదా మీకు?" అని కసిరాను.

చెల్లి తలెత్తింది. "ఎర్ర కణాలేంటి బావా? మాస్ట్ కణాలు!"

"అబ్బే! పిల్లలకి ఇలాగే చెబుతున్నావా? అసలది చక్కెర నుంచి పుడుతుంది."

"చక్కెరా! హిస్టిడిన్ నుంచి బావా! మాంసకృత్తుల్లో ఉంటుంది. నీకు డాక్టరేటు ఎవడిచ్చాడు?"

ఎదుటి కుర్చీల్లో ఆడవాళ్ళు నోటికి కొంగులడ్డం పెట్టుకున్నారు. నర్సు వచ్చి పిలిస్తే, "ఉండండి సిస్టర్, ఈయన సంగతి తేల్చి వస్తాను!" అంది మా చెల్లి. నర్సు రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

నేను తెల్లబోయాను. ఈయనకి తెలియదా? నాకే తెలుసే!

"ఎర్ర రక్తకణాలా అండీ?"

"ష్, వినబడుతుంది." ఆయన చొక్కా చెమటకి తడిసిపోయి ఉంది. "నిజం చెబితే భయపడుతుంది. తప్పు చెబితే పోట్లాడుతుంది. పోట్లాడనీ."

కాసేపటికి తలుపు తోసుకుని వచ్చింది చెల్లి. "క్యాన్సర్ కాదట అక్కా! మామూలు గడ్డేనట!" నన్ను కావలించుకుని, నా భుజం మీంచే, "చక్కెరేంటి బావా, చక్కెర?" అంది.

"తప్పయిపోయింది తల్లీ," అంటూ చెంపలేసుకున్నారు.

చెల్లిని ఇంటి దగ్గర దిగబెట్టి వస్తుంటే ఆయన దారిపొడుగునా ఒకటే బాధ. "పాపం, హిస్టమిన్ని పట్టుకుని అన్నేసి అబద్ధాలాడాను."

నా కుళ్ళు మాత్రం పోలేదు. కాకపోతే ఇప్పుడు చెల్లి మీద. "ఇన్నేళ్ళ కాపురంలో నాకోసం ఒక్క అబద్ధమైనా ఆడారా?" అని నిలదీశాను.

ఆయన నడుస్తూ నడుస్తూ ఆగి, బాగా ఆలోచించి, "హిస్టమిన్ కన్నా నువ్వే ముద్దొస్తావోయ్," అన్నారు.

నిజమా, అబద్ధమా అని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తారు.