ట్యాంకి ఎక్కిన అవ్వ

షాద్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న గదిలో పొద్దున్నే నల్లా తిప్పితే ఒక్కోరోజు బ్లీచింగు వాసన గుప్పుమంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే నా చెయ్యి ఇప్పటికీ పక్కనున్న గోడను పట్టుకుంటుంది.

నల్లగొండ దగ్గర మా ఊళ్ళో నా చిన్నతనమంతా నీళ్ళంటే భయమే. ఫ్లోరైడు ఉందని ఎర్రరంగు పూసిన బోరింగు నీళ్ళు తాగొద్దని బళ్ళో చెప్పేవారు. ఎండాకాలం వేరే నీళ్ళు దొరక్క ఇంట్లో అవే తాగేవాళ్ళం. మా నాయినమ్మ మెడనూ నడుమునూ కట్టెలా బిగించేసినవి ఆ నీళ్ళే. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్ళం. ఎవరైనా పిలిస్తే తల కాదు, ఒళ్ళంతా తిప్పి చూసేది. బతుకమ్మకు తంగేడుపూలు తెంపుతున్నా, సద్దులనాడు నెయ్యి కారే మలీద ముద్ద నోట్లో పెట్టుకుంటున్నా, నాకు లోపల ఒకటే గుబులు. రోజూ అద్దంలో పళ్ళ గార చూసుకొని, గడ్డం ఛాతీకి ఆనుతుందో లేదో వంచి చూసుకొనేదాన్ని.

అవ్వకు ఆ గుబులు లేదు. అన్నిటి ఆరా కావాలి ఆమెకు. కరెంటు స్తంభం ఎక్కినవాణ్ణి "తీగల ఏం పారుతది కొడుకా?" అని అడిగేది. గాజులమ్మే ఖాజాబీ మూట విప్పితే, బేరం సంగతి తర్వాత, ముందు గాజుకు ఆ రంగు ఎలా పడుతుందో చెప్పాల్సిందే.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్ళకు ఊరి చివర పెద్ద ట్యాంకి కట్టి, కృష్ణ నీళ్ళు ఇచ్చారు. అందరం ఆత్రంగా తాగాం. అవ్వ మాత్రం చెంబు పట్టుకొని ఆలోచనలో పడింది. "కిందున్న నీళ్ళు గంత ఎత్తు ఎట్లెక్కినయ్? ఎక్కి ఏం జేస్తున్నయ్?"

ఒక మధ్యాహ్నం నీళ్ళు వదిలే యాదయ్య గేటు తీసి పెట్టి అన్నానికి పోయాడు. అవ్వ మెట్లెక్కడం మొదలుపెట్టింది. నేను వెనక పరుగెత్తి కొంగు పట్టుకున్నాను. చుట్టూ తిరిగే ఇరుకు మెట్లు, పట్టుకుంటే ఊగే ఇనుప కడ్డీ, ట్యాంకి అడుగున నల్లగా వేలాడే తేనెపట్లు. కిందికి చూస్తే మా ఇంటి రేకులు అరచేతంత కనిపించాయి.

"అవ్వా, దిగుదాం. భయమైతాంది."

"నా మెడ వంగదు బిడ్డ. కిందికి సూడలేను. ఇగ నాకు భయమెక్కడిది?"

ఇంకాస్త ఎక్కితే పైకి చేరతామనగా ఆమె మోకాళ్ళు పట్టేశాయి. పైకీ పోలేదు, కిందికీ రాలేదు. కడ్డీకి ఆనుకొని చెమటలు కక్కుతోంది. నేను అరిచాను. గాలి తప్ప ఎవరూ పలకలేదు.

"ఊకె ఏడువకు. నువ్వు పొయ్యి సూసొచ్చి నాకు చెప్పు" అంది.

వదిలిపోతే పడిపోతుందేమో, పోకపోతే మళ్ళీ తనే ఎక్కబోతుందేమో. చివరికి పాకుతూ పైకి చేరాను. సగం తెరిచిన ఇనుప మూత దగ్గర బోర్లా పడుకొని తల లోపలికి పెట్టగానే బ్లీచింగు ఘాటుకు ఊపిరాడలేదు. చీకటి. ఎక్కడో నీళ్ళు ధారగా పడుతున్న హోరు.

"నీళ్ళున్నయ్" అని వచ్చి చెప్పాను.

"నీళ్ళుంటయని నాకెర్క లేదా? ఏ రంగున్నయ్? యాడికెళ్ళి పడుతున్నయ్?"

అవేవీ చూడలేదు నేను. ఏడుస్తూనే మళ్ళీ ఎక్కాను. ఈసారి కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా ఆగాను. గోడపక్క లావుపాటి గొట్టం, అక్కడినుంచి తెల్లగా దూకుతున్న ధార, కింద ఆకుపచ్చగా ఊగే నీళ్ళు, వాటిలో నా తలకాయ. భయం పోలేదు. కానీ ఆ ధార ఎక్కడినుంచి వస్తుందో ఇప్పుడు నాకూ కావాలి.

యాదయ్య చూసి అవ్వ కొడుకును, మా బాపును పిలుచుకొచ్చాడు. ఇద్దరూ ఆమెను ఒక్కో మెట్టూ దింపారు. బాపు కేకలేశాడు.

"పడి సస్తే ఏందే అవ్వ! పోరిని గూడ సంపుతుంటివి!"

అవ్వ నేల మీద కాలు పెట్టగానే, "యాదయ్యా, మోటరు ఏ దిక్కున్నది?" అంది.

నాకు ఆ రాత్రే జ్వరం వచ్చింది. గేటుకు తాళం పడింది.

అవ్వ పోయి కొన్నేళ్ళయింది. దవాఖానలో చివరిరోజున కూడా గ్లూకోజు సీసా చూపించి, అది ఒంట్లోకి పోయి ఏం చేస్తుందని నర్సును అడిగింది. ఊళ్ళో బోరింగు పీకేశారు. మా అన్న పిల్లలు అద్దంలో గార వెతుక్కోరు. ఆ భయం పోయినందుకు సంతోషమే. నేను ఊరికి పోతే తిన్నావా అంటారు, జీతం పెరిగిందా అంటారు. సరిగ్గా చూడలేదు, మళ్ళీ పోయి చూసి రమ్మని నన్ను వెనక్కి పంపే మనిషి లేదు. అడిగేవాళ్ళు లేక నేను చూడడమే మానేస్తానేమోనని, ఇప్పుడు నా భయమంతా అది.