రెండు విమానాల మధ్య

హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానంలో రెండు గంటల పైచిలుకు. ఎవరు మామూలుగా ఈ మాట అన్నా నా గుండె బరువెక్కుతుంది. ఎందుకో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకు చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఢిల్లీలో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసేవాణ్ణి. ఘాజియాబాద్‌లో మా వీధిలోనే రత్న అనే నర్సు అద్దెకుండేది. రాజమండ్రి వైపు అమ్మాయి. నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆమెకు లండన్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఊరెళ్లి ఇంట్లోవాళ్లను చూసి, హైదరాబాదు నుంచి ఢిల్లీ వచ్చి, అదే రోజు లండన్ విమానం ఎక్కాలి. పొద్దుటి విమానానికే టికెట్ తీయమని నాకు మరీ మరీ చెప్పి వెళ్లింది.

మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి పొద్దుటి సీట్లు అయిపోయాయి. మధ్యాహ్నం విమానానికి తీశాను. అది దిగాక లండన్ విమానానికి మిగిలేది రెండు గంటలే. అప్పట్లో దేశంలోని విమానాలు దిగే చోటు వేరు, విదేశాలకు ఎక్కే చోటు వేరు. సామాను తీసుకుని బస్సులో చుట్టూ తిరిగి వెళ్లాలి. రోజూ టికెట్లతోనే బతికేవాణ్ణి, తెలియదని ఎలా అనను?

ఆమె ఫోన్ చేసింది.

"అన్నయ్యా, టైము సరిపోద్దంటారా? కాదంటే ముందురోజే వచ్చేస్తానండి."

"రెండు గంటల ప్రయాణమేగా అమ్మా. దిగడం, ఎక్కడం. బేఫికర్‌గా రా, ఏం కంగారు పడకు."

ముందురోజే రా అని ఎందుకు అనలేకపోయాను? అంటే పొద్దుటి టికెట్ ఏమైందని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి.

విమానం వేళకే దిగింది. ఆమె పరిగెత్తుకుంటూ వచ్చేసరికి కౌంటరు మూసేశారు. సాగనంపడానికి వచ్చిన నేను అక్కడే ఉన్నాను. సూట్‌కేసు మీద కూర్చుని ఏడ్చింది. "కౌంటరు ముందే మూసేశారమ్మా, వాళ్లదే తప్పు" అన్నాను. నమ్మింది. పైగా నాకు శ్రమ కలిగించానని బాధపడింది.

మళ్లీ సీటు దొరికేసరికి వారం పట్టింది. చేరాల్సిన తేదీ దాటిపోయింది. ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. రత్న ఘాజియాబాద్‌లో పాత నర్సింగ్ హోమ్‌కే వెళ్లి మళ్లీ చేర్చుకోమని అడిగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన నెల తమ్ముడి దుబాయి టికెట్ కోసం నా దగ్గరికే వచ్చింది. "మీరు తీస్తేనే నాకు ధైర్యం అన్నయ్యా" అంది. చెప్పేయాలనుకున్నాను. టికెట్ తీసిచ్చి పంపేశాను.

మర్చిపోవడం వరకూ పొరపాటు. ఫోన్‌లో అన్నది తెలిసి ఆడిన అబద్ధం. ఈ ముక్క రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. క్షమాపణ అడగాల్సింది ఆమెను, ఆ ధైర్యం ఇంకా రాలేదు. అయినా మీకు చెప్పాక, మొదటిసారి ఊపిరి కాస్త తెరిపిగా ఆడుతోంది.